‘అర్థమైందా?’ అంటే అందరూ తల ఊపుతారు

లెక్చరర్ల ప్రశ్నలు - జవాబులు

కొత్త విద్యాసంవత్సరం మొదలయ్యే రోజులు కాబట్టి ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరర్లవే. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని నేను. నాకు బాగా తెలిసిన క్లాసురూములో ఒక నల్లబోర్డు, రెండు ఫ్యాన్లు, బెంచీకి నలుగురు పిల్లలు ఉంటారు. జవాబులు కూడా ఆ గదిలో కుదిరేవే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. ప్రకాశం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ గెస్ట్ ఫ్యాకల్టీగా చేస్తున్నాను. ఫస్టియర్ బీకాంలో డెబ్బై మంది దాకా ఉంటారు. పాఠం మధ్యలో ‘అర్థమైందా?’ అని అడుగుతూనే ఉంటాను. ‘అయింది మేడమ్’ అని అందరూ ఒక్కసారిగా అంటారు. తీరా ఇంటర్నల్ పేపర్లు దిద్దుతుంటే ఏడుపొస్తోంది. తరుగుదల (మిషనులాంటి ఆస్తి విలువ వాడకంతో ఏటేటా తగ్గడం) గురించి అంత వివరంగా చెబితే సొంతంగా నాలుగు వాక్యాలు రాసినవాళ్ళు లేరు. నాకు చెప్పడం రాదా, వాళ్ళకు వినడం రాదా?

జవాబు: అమ్మా, మీకు చెప్పడం వచ్చు, వాళ్ళకు వినడం వచ్చు. ఆ అడిగే ప్రశ్న మార్చాలి. ‘అర్థమైందా?’ అన్నదానికి ‘లేదు’ అనాలంటే పద్ధెనిమిదేళ్ళ పిల్ల డెబ్బై మంది ముందు తనకు రాదని ఒప్పుకోవాలి. ఎవరు ఒప్పుకుంటారు? పైగా చాలామంది అబద్ధం చెప్పడం లేదు. మీరు బోర్డు మీద లెక్క చకచకా చేసేస్తుంటే చూసేవాళ్ళకు అంతా తేలిగ్గానే కనిపిస్తుంది. చూసింది వచ్చేసిందనుకుంటారు. రాలేదన్న సంగతి మీకూ వాళ్ళకూ పరీక్షలోనే తెలుస్తోంది. అది క్లాసులోనే, ఇంకా పది నిమిషాలు టైము ఉండగానే తెలిస్తే మీరు ఏదైనా చేయగలరు.

తరుగుదలే తీసుకోండి. నిర్వచనం, పద్ధతులు చెప్పాక, లెక్క మొదలుపెట్టే ముందు బోర్డు మీద ఇది రాయండి. ఒక వ్యాపారి ₹50,000 పెట్టి మిషను కొన్నాడు. ఈ ఏడాది దాని మీద ₹5,000 తరుగుదల రాశాడు. ఆ ₹5,000 ఏమైంది? ఒకటి: బ్యాంకు నుంచి బయటికి పోయింది. రెండు: కొత్త మిషను కొనడానికి విడిగా దాచిపెట్టాడు. మూడు: ఈ ఏడాది డబ్బు ఎటూ పోలేదు, ఖాతాలో ఖర్చుగా చూపించాడు, అంతే. నాలుగు: మిషను అమ్మితే వచ్చిన నష్టం.

ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత మీరు చప్పట్లు కొట్టగానే అందరూ ఒకేసారి తమ జవాబు నంబరును వేళ్ళతో చూపించాలి. చెయ్యి పైకెత్తకుండా గుండెకు ఆనించి పెట్టుకోమనండి. అప్పుడు మీకు కనిపిస్తుంది, వెనక బెంచీకి కనిపించదు. చెయ్యి గాల్లోకి లేపితే అందరూ ఫస్ట్ బెంచీ అమ్మాయి వేళ్ళే లెక్కపెట్టుకుంటారు.

గది మొత్తం ఒకసారి చూస్తే చాలు, పరిస్థితి అర్థమైపోతుంది. ఒకటి, రెండు వేళ్ళే ఎక్కువ కనిపిస్తాయని నా అంచనా. ఇక్కడ కష్టమైన పని మీది. సరైన జవాబు మీ నోటి నుంచి రాకూడదు, మొహంలోనూ కనిపించకూడదు. ‘మీ పక్కన వేరే నంబరు చూపించినవాళ్ళు ఉంటే ఒప్పించండి. రెండు నిమిషాలు’ అని మాత్రం చెప్పండి. గది గోలగోలవుతుంది, కానివ్వండి. మళ్ళీ వేళ్ళు చూపించమంటే మూడు వేళ్ళు పెరుగుతాయి. అప్పుడు మొదట తప్పు చెప్పి తర్వాత మార్చుకున్న పిల్లనో పిల్లవాడినో లేపి, ‘ఎందుకు మార్చుకున్నావు?’ అని అడగండి. ఆ పిల్లవాడి జవాబు మీ వివరణ కన్నా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే వాళ్ళు ఎక్కడ ఆగిపోయారో వాడికి ఇంకా గుర్తుంది. మనకు ఆ సంగతి మరచిపోయి చాలాకాలమై ఉంటుంది.

ఈ పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేసింది హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్. 1990 ప్రాంతంలో ఆయన క్లాసు బ్రహ్మాండంగా నడిచేది, పిల్లలు కష్టమైన లెక్కలు కూడా చేసేవాళ్ళు. ఒకరోజు బలం గురించి మామూలు మాటల్లో ఉన్న ప్రశ్నలు ఇచ్చాడు, లెక్కలేవీ లేకుండా. ఒక విద్యార్థిని లేచి, వీటికి మీరు చెప్పినట్టు రాయాలా, మామూలుగా నేను ఆలోచించేట్టు రాయాలా అని అడిగిందట. హార్వర్డ్ పిల్లల బుర్రలోనే పాఠానికి ఒక గది, నిజమైన నమ్మకానికి ఇంకో గది ఉంటే మన పిల్లల సంగతి వేరే చెప్పాలా?

నా క్లాసులో ఇది న్యూటన్ మూడో సూత్రం దగ్గర బయటపడేది. నిద్రలో లేపి అడిగినా ‘చర్యకు ప్రతిచర్య సమానం’ అని చెప్పే పిల్లలే. లారీ వచ్చి స్కూటీని గుద్దింది, ఏది దేని మీద ఎక్కువ బలం చూపింది అని అడిగితే గది నిండా ఒకే నంబరు: లారీ. పక్కవాళ్ళతో మాట్లాడుకోమన్నాక ఒక బెంచీ దగ్గర పెద్ద గొడవ. ‘స్కూటీ నుజ్జునుజ్జయింది, లారీకి గీత కూడా పడలేదు, సమానం ఎలా అవుతుందిరా?’ అని ఒకడు. వాడి వెనక కూర్చున్న అమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పనిది, ముందుకు వంగి అంది: ‘గుడ్డును రాయికేసి కొడితే గుడ్డే పగులుతుంది కదా. రాయి మీద గుడ్డు తక్కువ బలం వేసిందనా?’ ఆ కుర్రాడు కాసేపు ఆగి, ‘అంటే బలం ఒకటే, తట్టుకోవడం వేరు’ అన్నాడు. తర్వాత ద్రవ్యరాశి, త్వరణం రాసి లెక్క చూపించడం నాకు రెండు నిమిషాల పని అయింది.

ఒక కొలత గుర్తుపెట్టుకోండి. మొదటిసారి వేళ్ళు చూపించినప్పుడు సుమారుగా 30 నుంచి 70 శాతం మంది సరైన జవాబు చెబితేనే పిల్లల మధ్య చర్చ పండుతుంది. అంతకన్నా తక్కువైతే ఒప్పించేవాళ్ళే ఉండరు, మీరే ఇంకోలా చెప్పండి. ఎక్కువైతే ఒక్క మాటలో ముగించి ముందుకు పొండి. ఇలాంటి ప్రశ్నలు గంటకు రెండు చాలు. మంచి ప్రశ్న తయారు చేయడానికి దారి మీ దగ్గరే ఉంది: దిద్దిన ఇంటర్నల్ పేపర్లు. వాళ్ళు రాసిన తప్పులే మీ ఒకటి, రెండు, నాలుగు నంబర్లు. ఆ కట్ట పారేయకండి.

ప్రశ్న: బోటనీ లెక్చరర్‌ని, గోదావరి జిల్లా. మా పిల్లలు ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వస్తారు. డిగ్రీలో ఇంగ్లీషు మీడియం. ఇంగ్లీషులో చెబితే మొహాలు చూసుకుంటారు. తెలుగులో చెబితే ఆనందంగా వింటారు గాని పరీక్షలో ఒక్క ముక్క రాయలేరు. ‘అంతా ఇంగ్లీషులోనే చెప్పేయ్, వాళ్ళే అలవాటు పడతారు’ అంటున్నారు మా సీనియర్ సార్లు. ఏం చేయమంటారు?

జవాబు: సీనియర్ల మాటకు ఈ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ ఇంగ్లీషు మీడియంలోకి మారింది. పరీక్ష ఇంగ్లీషులో రాయక తప్పదు, నిజమే. అయితే ఆలోచన ఏ భాషలో పుట్టాలో ఏ యూనివర్సిటీ జీవో చెప్పలేదు. తెలియని భాషలో తెలియని విషయం చెబితే పిల్లవాడికి రెండూ అందవు. విషయం తెలుగులో నాటండి, పేర్లు ఇంగ్లీషులో కట్టండి, రాత ఇంగ్లీషులో చేయించండి. మూడూ ఒకే గంటలో, ఇదే వరుసలో జరగాలి.

ఆస్మాసిస్ (ద్రవాభిసరణం) పాఠం ఉందనుకోండి. గోదావరి పిల్లలకు మాగాయ తెలియకుండా ఉండదు. మామిడికాయ చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పు వేసి జాడీలో పెడితే మూడు రోజులకు ఏమవుతుందని అడగండి. ‘ఊట వస్తుంది’ అని అమ్మాయిలే కాదు, అబ్బాయిలూ చెబుతారు. మనం నీళ్ళు పోయలేదు కదా, ఆ ఊట ఎక్కడిది? ముక్కలోంచి వచ్చింది. ఎందుకు బయటికి వచ్చింది? ఇక్కడ ఆగండి. ‘ఉప్పు లాగింది’ అంటారు. ఉప్పుకు చేతులున్నాయా, లాగడమంటే ఏమిటని అడగండి. కణం లోపల నీళ్ళు ఎక్కువ, బయట ఉప్పు ఎక్కువ, మధ్యలో నీళ్ళను పోనిచ్చి ఉప్పును అంత సులువుగా పోనివ్వని పొర. అక్కడికి వాళ్ళంతట వాళ్ళు వచ్చేదాకా తెలుగులోనే నడపండి. కిస్‌మిస్ నీళ్ళలో వేస్తే ఎందుకు ఉబ్బుతుందో దీన్ని తిరగేసి వాళ్ళే చెబుతారు.

ఇప్పుడు బోర్డు కుడివైపు ఒక గీత గీసి, ఆ భాగం పదాలకు వదిలేయండి. ఆస్మాసిస్, సెమీపర్మియబుల్ మెంబ్రేన్, హైపర్‌టానిక్, ప్లాస్మాలిసిస్. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పైకి పలికించండి. సిగ్గుపడతారు, గదంతా కలిసి పలికితే సిగ్గు పోతుంది. గంట అయ్యేదాకా ఆ పదాలు చెరపవద్దు.

చివరి పది నిమిషాలు రాత. ఖాళీ కాగితం ఇచ్చి రాయమంటే భయపడతారు, అందుకని వాక్యానికి చట్రం ఇవ్వండి. ‘వాటర్ మూవ్స్ ఫ్రమ్ … టు … బికాజ్ …’ అని బోర్డు మీద పెట్టి ఖాళీలు నింపమనండి. మొదటి నెల ఒక్క వాక్యం. రెండో నెల రెండు, చట్రం లేకుండా. వ్యాకరణం తప్పులు దిద్దుతూ కూర్చోకండి, ‘బికాజ్’ తర్వాత రాసిన కారణం సరైనదా కాదా చూడండి. ఐదు మార్కుల జవాబంటే అలాంటి వాక్యాలు ఏడెనిమిదే కదా.

ఒక ప్రశ్న ఊరికే ఇస్తున్నాను, వాడుకోండి: ఊటలోంచి తీసిన మాగాయ ముక్కల్ని ఎండలో పెడితే ఇంకా నీళ్ళు పోతాయి. అది కూడా ఆస్మాసిసేనా? గదిలో సగం మంది అవునంటారు. కాదనే సగం మంది ఏం చెబుతారో వినాలి.

తెలుగు అకాడమీ 1968లో మొదలైనప్పటి నుంచి డిగ్రీ పుస్తకాలు తెలుగులో వేసింది. పాత వృక్షశాస్త్రం పుస్తకాలు మీ లైబ్రరీ బీరువాలో దుమ్ము పట్టి ఉండొచ్చు. సిలబస్ మారిందని వాటిని అటకెక్కించకండి. ద్రవాభిసరణం గురించి తెలుగులో ఒకసారి చదువుకుని ఇంగ్లీషు పుస్తకం తెరిచే పిల్లవాడికి సగం బరువు తగ్గుతుంది.

ప్రశ్న: మేడమ్, మీరు చెప్పే చర్చలూ అవీ వినడానికి బాగుంటాయి. మాకు సెమిస్టర్‌లో ఐదు యూనిట్లు. సెలవులు, ఎన్నికల డ్యూటీలు, పరీక్షల డ్యూటీలు పోగా మిగిలేవి ఎన్ని గంటలు? సిలబస్ అవ్వకపోతే మా హెచ్‌ఓడీకి (డిపార్ట్‌మెంట్ హెడ్‌కి) ఏం జవాబు చెప్పాలి? — హిస్టరీ లెక్చరర్, నల్గొండ జిల్లా

జవాబు: బాబూ, టైము లేదన్నది నిజం. ఉన్న టైము ఎక్కడ పోతోందో ఒక్క వారం చూడండి. అటెండెన్స్ పోగా మిగిలిన గంటలో నోట్సు డిక్టేట్ చేయడానికి ఎంత పడుతోంది? చాలా కాలేజీల్లో అదే పెద్ద భాగం. మీరు చదువుతారు, పిల్లలు రాస్తారు, ఆ రాసేటప్పుడు ఎవరూ ఆలోచించరు. ఒక గంట డిక్టేషన్‌లో ఉండేది మూడు పేజీలు. అవి జిరాక్స్ తీసి ఇవ్వండి, లేదా క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టండి. గంట మీకు తిరిగొస్తుంది. నోట్సు చెప్పడం మానేస్తే పిల్లలు గొడవ చేస్తారంటారా, నోట్సు మానేయమనడం లేదు, చదివి వినిపించడం మానేయమంటున్నాను.

‘సిలబస్ అయింది’ అన్న మాట మీద నాకు కోపం ఉంది. ఎవరికి అయింది? డైరీలో యూనిట్-5 అని రాసి సంతకం పెట్టినంత మాత్రాన పిల్లలకు అయినట్టు కాదు. ప్రతి యూనిట్‌లో లోతుగా చెప్పాల్సినవి, వాళ్ళే చదువుకోగలిగినవి విడదీయండి. మీ సబ్జెక్టులో సహాయనిరాకరణ ఉద్యమం 1922లో ఎందుకు ఆగిపోయిందన్నది లోతుగా చెప్పాల్సింది. చౌరీచౌరా సంఘటన (జనం పోలీసు స్టేషనుకు నిప్పుపెట్టి పోలీసులను చంపడం) ఒక్క లైనులో చెప్పి వదిలేస్తే పిల్లవాడికి ఏమీ మిగలదు. అదే గాంధీజీ స్థానంలో నువ్వుంటే ఆపేవాడివా, కొనసాగించేవాడివా, ఎందుకు అని పక్కవాడితో ఐదు నిమిషాలు వాదించమనండి. కాంగ్రెస్ సమావేశాల తేదీలు, అధ్యక్షుల పేర్లు వాళ్ళే ఇంట్లో చదువుకుంటారు.

హెచ్‌ఓడీ గారికి చూపించడానికి అంకెలు కావాలంటే ఉన్నాయి. 2014లో అమెరికాలో ఫ్రీమన్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్ళు సైన్సు, ఇంజనీరింగు, లెక్కల క్లాసుల మీద జరిగిన 225 అధ్యయనాలు కలిపి చూశారు. లెక్చర్ ఒక్కటే ఉన్న క్లాసుల్లో దాదాపు 34 శాతం మంది ఫెయిలైతే, పిల్లల చేత పని చేయించిన క్లాసుల్లో దాదాపు 22 శాతం. హిస్టరీ అందులో లేదు, ఆ సంగతి దాచకుండానే చెప్పండి. పాస్ పర్సెంటేజీ అడిగే హెచ్‌ఓడీకి ఆ తేడా విలువ తెలుసు.

ఇంకొకటి ముందే చెప్పి ఉంచుతాను. మొదటి నెల పిల్లలే మీ మీద ఫిర్యాదు చేస్తారు, ‘సార్ ఏమీ చెప్పడం లేదు, మా చేతే చెప్పిస్తున్నారు’ అని. 2019లో హార్వర్డ్‌లోనే ఫిజిక్స్ పిల్లల మీద చేసిన అధ్యయనంలో ఇదే తేలింది. పని చేసిన పిల్లలు నిజంగా ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. బుర్రకు కష్టం కలిగితే రావడం లేదనిపిస్తుంది. కాబట్టి ఎందుకిలా చేయిస్తున్నారో మొదటి రోజే పిల్లలకు చెప్పండి. పెద్దవాళ్ళలాగా చెబితే పెద్దవాళ్ళలాగే వింటారు.

ప్రశ్న: మా ఇంజనీరింగ్ కాలేజీలో అందరూ పీపీటీలతోనే చెబుతున్నారు. నేను బోర్డు వాడితే పాతకాలం మనిషినంటున్నారు. — అసిస్టెంట్ ప్రొఫెసర్, గుంటూరు

జవాబు: బొమ్మలకు, మిషను లోపలి భాగాలకు, వీడియోలకు స్లైడు వాడండి. ఒక ఫలితాన్ని మెట్టు మెట్టుగా రాబట్టాల్సి వస్తే బోర్డే. చేత్తో రాసేటప్పుడు మీ వేగం పిల్లవాడి ఆలోచన వేగానికి దగ్గరగా ఉంటుంది, స్లైడు మీద పది లైన్లు ఒకేసారి వచ్చి పడతాయి. ఎవరేమన్నా పట్టించుకోకండి.

ప్రశ్న: పాఠం చెప్పిన రోజు బాగా చెబుతారు. పదిహేను రోజుల తర్వాత అదే అడిగితే ఎప్పుడూ వినలేదన్నట్టు చూస్తారు. ఇంపార్టెంట్ క్వశ్చన్లు ఇస్తే బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కుతున్నారు. తర్వాతి సెమిస్టర్‌కు అంతా సున్నా. మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తోంది. — కెమిస్ట్రీ లెక్చరర్, శ్రీకాకుళం

జవాబు: మన పిల్లలు చదివే పద్ధతి చూడండి. పుస్తకం తెరుస్తారు, హైలైటర్‌తో గీస్తారు, మళ్ళీ చదువుతారు, మళ్ళీ చదువుతారు. తెరిచిన పుస్తకం ముందు అంతా తెలిసినట్టే ఉంటుంది. పుస్తకం మూసి, గుర్తు తెచ్చుకుని రాసే పని పరీక్ష హాల్లోనే మొదటిసారి చేస్తారు.

రోడిగర్, కార్పికీ అని ఇద్దరు పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం చేశారు. కాలేజీ పిల్లలకు చిన్న పాఠం ఇచ్చి, కొంత మందిని రెండుసార్లు చదవమన్నారు. మిగతావాళ్ళను ఒకసారి చదివి, రెండోసారి కాగితం చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత తారుమారైంది. చదివినవాళ్ళకు 42 శాతం గుర్తుంటే, రాసినవాళ్ళకు 56 శాతం. మీ పిల్లలు చదివిన రోజు బాగా చెప్పి పదిహేను రోజులకు మరచిపోవడం అచ్చంగా ఇదే.

మీరు చేయాల్సింది చిన్న పని. క్లాసులోకి వెళ్ళగానే, అటెండెన్స్ తీసుకునే ఆ ఐదు నిమిషాల్లో, అందరూ పుస్తకాలు మూసి నిన్నటి క్లాసు నుంచి రెండు విషయాలు, పోయిన వారం నుంచి ఒకటి రాయాలి. మీరు రోల్ నంబర్లు పిలుస్తూ ఉండండి, వాళ్ళు రాస్తూ ఉంటారు. కాగితాలు తీసుకోవద్దు, మార్కులు వద్దు. రాశాక పుస్తకం తెరిచి వాళ్ళే చూసుకుంటారు. మార్కులు పెట్టారో కాపీ మొదలవుతుంది, అసలు పని పోతుంది. ఆ ‘పోయిన వారం నుంచి ఒకటి’ మాత్రం ఎప్పుడూ వదలకండి. మరిచిపోబోయేదాన్ని వెనక్కి లాగడానికే అది.

ఇంపార్టెంట్ క్వశ్చన్లు ఇవ్వడం మానమని చెప్పను, మానితే పక్క కాలేజీ గైడు కొంటారు. ఇచ్చేటప్పుడు ప్రతి ప్రశ్న కింద ‘ఎందుకు?’ అని ఇంకొకటి చేర్చి ఇవ్వండి. అయనీకరణ శక్మం (పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి కావలసిన శక్తి) ఆవర్తన పట్టిక అడ్డువరుసలో ఎడమ నుంచి కుడికి పెరుగుతుందన్నది బట్టీ పట్టొచ్చు. మరి బెరీలియం నుంచి బోరాన్‌కు వచ్చేటప్పుడు ఎందుకు తగ్గింది? ఇది మూసిన పుస్తకంతో రాయగలిగినవాడు తర్వాతి సెమిస్టర్‌లో మిమ్మల్ని ఖాళీగా చూడడు.

ప్రశ్న: నా క్లాసులో ఎప్పుడూ అదే ముగ్గురు జవాబులు చెబుతారు. అమ్మాయిలు దాదాపు ఎవరూ నోరు విప్పరు. పేరు పిలిచి అడిగితే తల దించుకుని నిలబడతారు. బలవంతం చేయాలా, వదిలేయాలా? — ఇంగ్లీషు లెక్చరర్, కర్నూలు జిల్లా

జవాబు: వదిలేయకండి, అలాగని నిలబెట్టనూ వద్దు. ప్రశ్న అడిగాక మీరెంతసేపు ఆగుతున్నారో గమనించారా? మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో అమెరికా స్కూళ్ళలో సైన్సు క్లాసులు రికార్డు చేసి చూస్తే టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారని తేలింది. ఆ ఒక్క సెకనులో జవాబు చెప్పేది మీ ముగ్గురే. మూడు సెకన్లు దాటి ఆగితే జవాబులు పొడవయ్యాయి, మాట్లాడనివాళ్ళు మాట్లాడారు. కాలేజీలో, అదీ ఇంగ్లీషులో జవాబు చెప్పాల్సిన చోట, నేనైతే పది సెకన్లు ఆగమంటాను. ఆ నిశ్శబ్దం మీకు ఇబ్బందిగా ఉంటుంది. కిటికీ వైపు నడవండి, బోర్డు తుడవండి, మాట్లాడకండి.

రెండోది, ముందు రాయనివ్వండి. ఒక నిమిషం కాగితం మీద రాసుకుని, పక్కమ్మాయికి చదివి వినిపించి, ఆ తర్వాత క్లాసుకు చెప్పడం. అడిగేటప్పుడు ‘నువ్వు ఏమనుకుంటున్నావు’ అనకుండా ‘మీ ఇద్దరూ ఏం అనుకున్నారు’ అనండి. తప్పైనా ఇద్దరి తప్పు, ఒక్కదాని పరువు పోదు. మా కాలేజీలో బస్సు పాసుతో పల్లెల నుంచి వచ్చే అమ్మాయిలు చాలామంది ఉండేవాళ్ళు. ‘మేం ఇలా రాసుకున్నాం మేడమ్’ అని కాగితం చూసి చదవడంతో మొదలుపెట్టినవాళ్ళు, రెండో సెమిస్టర్‌కు కాగితం లేకుండానే లేచి వాదించేవాళ్ళు. ఎవరైనా తప్పు మాట్లాడితే నవ్వినవాడిని మాత్రం మొదటిసారే గట్టిగా ఆపండి. ఆ ఒక్క విషయంలో మెతకదనం వద్దు.

ప్రశ్న: అసైన్‌మెంట్ ఇస్తే అందరూ చాట్‌జీపీటీలో కొట్టి ఒకే జవాబు తెస్తున్నారు. అసైన్‌మెంట్లు ఎత్తేద్దామా అనిపిస్తోంది. — ఎకనామిక్స్ లెక్చరర్, చిత్తూరు జిల్లా

జవాబు: ఎత్తేయకండి మాస్టారూ, ఊరి నుంచి తెమ్మనండి. ‘డిమాండ్ వ్యాకోచత్వం (ధర మారితే కొనడం ఎంత మారుతుందన్నది) వివరింపుము’ అని ఇస్తే మెషిన్ రాస్తుంది, అంతకుముందు గైడు చూసి రాసేవాళ్ళు, పెద్ద తేడా లేదు. మీ జిల్లాకు పక్కనే మదనపల్లె టమాటా మార్కెట్ ఉంది. పిల్లలు తలా ఒక కూరగాయ ఎంచుకుని పదిహేను రోజులు తమ ఊళ్ళో ధర రోజూ రాసుకోవాలి. రైతుబజార్ ఉన్న ఊరైతే అక్కడి ధర, బయట బండి మీద ధర, రెండూ. 1999 నుంచి ఉన్న ఏర్పాటు అది, దళారీ లేకపోతే ధర ఏమవుతుందో కళ్ళతో చూడొచ్చు. ధర పెరిగిన రోజు వాళ్ళ అమ్మ టమాటా ఎంత తగ్గించి కొన్నారు, ఉప్పు ధర పెరిగితే ఉప్పు అలాగే తగ్గించేవారా, ఇంట్లో అడిగి రాయాలి. ఈ అంకెలు ఏ మెషిన్ దగ్గరా లేవు.

కాగితం తీసుకునేటప్పుడు ఒక్కొక్కరిని రెండేసి ప్రశ్నలు అడగండి. ‘తొమ్మిదో రోజు ధర పడిపోయిందేం? ఆ రోజు ఏం జరిగింది?’ వెళ్ళి చూసినవాడు వాన పడిందనో, లోడు ఎక్కువొచ్చిందనో చెబుతాడు. కల్పించి రాసినవాడు మీ మొహం చూస్తాడు. అరవై మంది ఉంటే ఒక్కరోజులో అవ్వదు, రోజుకు పదిమంది చొప్పున క్లాసు చివర్లో పిలవండి. మార్కుల్లో సగం కాగితానికి, సగం ఆ రెండు జవాబులకు అని ముందే చెప్పేయండి.

ప్రశ్న: పిల్లల్ని మాట్లాడుకోమంటే పక్క క్లాసు లెక్చరర్ గోల అని కంప్లయింట్ చేస్తున్నారు. ప్రిన్సిపాల్ పిలిచి అడిగారు. — జువాలజీ లెక్చరర్, ఖమ్మం

జవాబు: ఆ లెక్చరర్ గారిని ఒకరోజు మీ క్లాసుకు పిలవండి. వెనక బెంచీలో కూర్చోబెట్టి, ఏదో ఒక జత పిల్లలు ఏం మాట్లాడుకుంటున్నారో వినమనండి. రెండు నిమిషాలకు మించి చర్చ సాగనివ్వకండి, ఆపడానికి ఒక గుర్తు పెట్టుకోండి. నేను చెయ్యి ఎత్తి నిలబడేదాన్ని, చూసినవాళ్ళంతా చెయ్యి ఎత్తి నోరు మూసుకునేవాళ్ళు. ప్రిన్సిపాల్ గారికి మాత్రం మాటలతో కాకుండా, చర్చకు ముందు ఎందరు సరిగ్గా చెప్పారు, తర్వాత ఎందరు చెప్పారన్నది నెల రోజులు రాసిన కాగితం పట్టుకెళ్ళి చూపించండి.